స్కానింగ్ బొమ్మలో ఇసుక ఎక్కడిది?

కడుపు స్కానింగ్ చేస్తున్నప్పుడు తెర మీద కాలేయం నున్నగా కనిపించదు. బూడిద రంగు నిండా ఇసుక చల్లినట్టు తెల్లటి, నల్లటి పలుకులు పరుచుకుని ఉంటాయి. ఒక్కో పలుక్కి సరిపోయే వస్తువేదీ కాలేయంలో లేదు. ఇంజినీర్లు దీన్ని స్పెకిల్ అంటారు, నాయిస్ కింద జమకడతారు, తగ్గించడానికి నాలుగున్నర దశాబ్దాలుగా ఫిల్టర్ల మీద ఫిల్టర్లు తయారుచేస్తూనే ఉన్నారు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సిగ్నల్ ప్రాసెసింగ్ చదివే విద్యార్థులు ప్రాజెక్టుకు ఎంచుకునే విషయాల్లో ఇదీ ఒకటి. పుస్తకాల్లో ఈ రంగం చరిత్ర సాధారణంగా ఫిల్టర్ల వరుసగానే ఉంటుంది: ముందు మీడియన్, తర్వాత లీ, ఆ తర్వాత వేవ్‌లెట్, డిఫ్యూజన్, ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్. ఆ వరుసలో తప్పు లేదు గాని, అసలు సంగతి అందులో కనబడదు. అల్ట్రాసౌండ్ బొమ్మ నిజంగా బాగుపడిన ప్రతిసారీ దాని వెనుక ఎవరో ఒకరు ఈ గజిబిజి ఎక్కడ పుడుతోందని ఆరా తీశారు. పుట్టుక సంగతి వదిలేసి తుడవడంతోనే మొదలుపెట్టిన ప్రయత్నాలు కాగితం మీద నెగ్గినంతగా రోగి పడక పక్కన నెగ్గలేదు. ఇందుకు సాక్ష్యాలు దండిగా ఉన్నాయి. ఎదురు సాక్ష్యాలూ కొన్ని ఉన్నాయి, వాటినీ చూడాలి.

మొదటి సాక్ష్యం అల్ట్రాసౌండ్ వైద్యంలో అడుగుపెట్టిన తొలి రోజులదే. ఆస్ట్రియాలో నాడీ వైద్యుడు కార్ల్ డ్యుసిక్, సోదరుడు ఫ్రెడరిక్ సాయంతో, తలకు ఒక పక్క నుంచి ధ్వని పంపి రెండో పక్క అందుకుని, దారిలో ఎంత తగ్గిందో చూసి బొమ్మ కట్టారు. 1942లో దాన్ని ప్రచురించారు. మెదడు నడుమ ద్రవం నిండి ఉండే గదులు ఆ బొమ్మలో కనిపిస్తున్నాయని ఆయన నమ్మారు, చూసినవాళ్లూ నమ్మారు. అమెరికాలో ఎంఐటీ కూడా ఆ దారినే పరికరం కట్టి పనిలోకి దిగింది. 1952లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గ్యూట్‌నర్ బృందం ఒక సూటి ప్రశ్న వేసింది: ఈ వెలుగునీడలకు కారణం మెదడా, ఎముకా? మెదడు లేని పుర్రెను నీళ్లలో పెట్టి చూస్తే అలాంటి బొమ్మే వచ్చింది. ఎముక మందంలో ఉన్న తేడాలే ధ్వనిని ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ మింగుతున్నాయి. ఎంఐటీలో బోల్ట్, బాలంటైన్, హ్యూటర్ కూడా చివరికి అక్కడికే చేరి ఆ పని మానుకున్నారు. పదేళ్లపాటు వైద్యులు చూసింది నాయిస్‌నే. ఆ బొమ్మను ఎంత నున్నగా తుడిచినా ఎముక నీడ ఇంకా స్పష్టంగా కనిపించేదే తప్ప మెదడు కనిపించేది కాదు. పుర్రెను నీళ్లలో ముంచిన ఆ ఒక్క ప్రయోగం చేసిన మేలు ఏ గణిత ప్రక్రియా చేయగలిగేది కాదు.

డెన్వర్‌లో డగ్లస్ హౌరీ మరో ప్రశ్నతో మొదలుపెట్టారు. ధ్వనిని పంపిన వైపు నుంచే ప్రతిధ్వని అందుకునే పద్ధతిలో అవయవాల గోడలు ముక్కలు ముక్కలుగా కనిపించేవి. నున్నటి గోడ మీద ధ్వని ఏటవాలుగా పడితే ప్రతిధ్వని ఇంకెటో పోతుంది, ధ్వనిని పంపి అందుకునే ప్రోబ్‌కు తిరిగి రాదు. అలాగైతే ఒకే గోడను చాలా కోణాల నుంచి చూసి, వచ్చినదంతా ఒకే బొమ్మలో కలపాలి. ఇందుకోసం హౌరీ బృందం 1950లలో బి-29 యుద్ధ విమానం తుపాకీ బురుజుకు వాడే చట్రాన్ని తెచ్చి నీళ్ల తొట్టికి అమర్చింది. రోగి నీళ్లలో కూర్చుంటే ప్రోబ్ చుట్టూ తిరుగుతూ అటూ ఇటూ ఊగుతూ చూసేది. ఇదే కాంపౌండ్ స్కానింగ్. గోడలు పూర్తిగా కనపడాలనే చేసిన ఏర్పాటు ఇది. అదే ఏర్పాటు స్పెకిల్‌ను కూడా చదును చేస్తోందన్న సంగతి అప్పటికి ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అప్పటి తెరల మీద స్పెకిల్ కనిపించే వీలే లేదు.

ఆ వీలు లేకపోవడానికి కారణం తెరలోనే ఉంది. గ్లాస్గోలో స్త్రీవైద్య నిపుణుడు ఇయాన్ డోనాల్డ్ 1955లో రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారానికి ఆపరేషన్‌లో తీసిన కణుతులు పట్టుకెళ్లి, లోహంలో పగుళ్లు వెతికే యంత్రంతో పరీక్షించారు. ఇంజినీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికార్‌లతో కలిసి 1958 జూన్‌లో లాన్సెట్ పత్రికలో ఆయన ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి పునాది. ద్రవం నిండిన తిత్తి లోపల ప్రతిధ్వనులుండవు, గట్టి గడ్డలో ఉంటాయి. ఈ తేడాతోనే అండాశయపు తిత్తిని కేన్సర్ నుంచి వేరు చేయగలిగారు. అయితే ఆ తర్వాత చాలా కాలం వాడిన స్టోరేజి ట్యూబు తెరలకు రెండే స్థితులు: చుక్క వెలిగితే తెలుపు, లేకపోతే నలుపు. ఒక హద్దు దాటిన ప్రతిధ్వని వెలుగుతుంది, దాటనిది మాయమవుతుంది. అవయవం లోపలి నుంచి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనులు చాలావరకు ఆ హద్దు కిందే ఉండిపోయేవి. స్పెకిల్ కూడా అక్కడే ఉండిపోయేది.

1970ల తొలినాళ్లలో ఆస్ట్రేలియాలో జార్జ్ కొసాఫ్ బృందం గ్రే స్కేల్ బొమ్మలు తెచ్చింది. గోడల నుంచి వచ్చే గట్టి ప్రతిధ్వనులను అణచి, లోపలి కణజాలం నుంచి వచ్చే సన్నని ప్రతిధ్వనులకు బూడిద రంగులో మెట్లు కేటాయించారు. గర్భస్థ శిశువు అవయవాలు, మాయ, కాలేయం లోపలి కణుతులు మొదటిసారి తమ తమ ఛాయల్లో కనిపించాయి. ఈ రంగం చరిత్రలో ఇంతకు మించిన ముందడుగు లేదని నా అభిప్రాయం. ఆ అడుగుతోనే స్పెకిల్ కూడా తెర మీదికి వచ్చింది. లోపలి కణజాలాన్ని చూపించే ప్రతిధ్వనులూ, స్పెకిల్‌ను పుట్టించే ప్రతిధ్వనులూ ఒకటే కాబట్టి ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని ఆపడం కుదరదు. మరికొన్నేళ్లకే చేత్తో తిప్పే కాంపౌండ్ స్కానర్లు వెనకబడి, కదలికను చూపించే రియల్‌టైమ్ యంత్రాలు వచ్చాయి. వాటిలో ఒక్కో ఫ్రేము ఒకే కోణం నుంచి చూసినది. హౌరీ పద్ధతి తెలియకుండానే చేస్తూ వచ్చిన చదును ఆగిపోయింది. గుండె కొట్టుకోవడం, శిశువు కదలడం కంటితో చూసే భాగ్యం దక్కింది, బొమ్మ మాత్రం గరుకెక్కింది.

ఈ గరుకు ఎలా పుడుతుందో దగ్గరగా చూడాలి. కడుపు పరీక్షకు వాడే 3.5 మెగాహెర్ట్జ్ ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోతుంది, కనుక తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లు. యంత్రం ఒక చుక్కగా చూపించే చోటు నిజానికి అంతకంటే పెద్దది. అందులో కణాలు, సన్నని రక్తనాళాలు, పీచు ఇలా లెక్కలేనన్ని ఉంటాయి. ప్రతిదీ ఒక చిన్న ప్రతిధ్వని పంపుతుంది. వాటిలో ఒకటి 0.11 మిల్లీమీటర్లు లోతుకు జరిగితే చాలు, పోయి వచ్చే దారి సగం తరంగం పెరిగి, దాని ప్రతిధ్వని తలకిందులవుతుంది. అన్నీ ఒకే దశలో కలిసిన చోట తెల్లటి పలుకు, ఒకదాన్నొకటి రద్దు చేసుకున్న చోట నల్లటి పలుకు. దీన్ని పరీక్షించడం సులువు. కణజాలాన్ని పోలిన ఫాంటమ్ మీద ప్రోబ్‌ను స్టాండుకు బిగించి తెరను చూస్తే, బాగా లోతున ఉన్న గరుకు మిలమిలా మారుతూ ఉంటుంది. అది యంత్రంలోని ఎలక్ట్రానిక్ నాయిస్. వంద ఫ్రేముల సగటు తీస్తే పదో వంతుకు పడిపోతుంది. పైన ఉన్న గరుకు మాత్రం కదలదు. వంద తీసినా వెయ్యి తీసినా అక్కడే, అలాగే ఉంటుంది. ప్రోబ్‌ను పక్కకు జరిపితే మారిపోతుంది, వెనక్కి అదే చోటికి తెస్తే మునుపటి గరుకే తిరిగి వస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు, ఆ చోటు నుంచి చూసినప్పుడు ఆ కణజాలం ఇచ్చే స్థిరమైన జవాబు.

దీని గణితం అల్ట్రాసౌండ్ కంటే చాలా పాతది. ఒకే స్థాయి కంపనాలు అనేకం వేర్వేరు దశల్లో కలిస్తే మొత్తం ఎంతవుతుందన్న లెక్కను లార్డ్ రేలీ 1880లోనే తేల్చారు. వెలుగు విషయంలో ఇలాంటి చిక్కుమీద 1919లో సి.వి. రామన్ రాశారు. 1943లో జి.ఎన్. రామచంద్రన్ సూక్ష్మ రేణువుల వల్ల ఏర్పడే కాంతి వలయాల్లోని హెచ్చుతగ్గుల మీద పరిశోధన పత్రం వెలువరించారు. ప్రొటీన్ల ఆకృతి మీద ఆయన చేసిన పని అందరికీ తెలుసు, ఇది తెలిసినవాళ్లు తక్కువ. 1960లో లేజర్ రావడంతో అదే గరుకు గోడల మీద, కాగితాల మీద కంటికే కనిపించసాగింది. ఈ జ్ఞానమంతా స్కానింగ్ గదికి చేరడానికి 1978 దాకా పట్టింది. స్విట్జర్లాండ్‌లో పనిచేస్తున్న సి.బి. బర్క్‌హార్ట్ ఆ ఏడాది ప్రచురించిన చిన్న వ్యాసంలో అల్ట్రాసౌండ్ గరుకు రేలీ సూత్రాన్నే పాటిస్తుందని చూపారు. కుదించక ముందు ప్రతిధ్వనుల పరిమాణపు సగటును దాని విచలనంతో భాగిస్తే ఎప్పుడూ 1.91 వస్తుంది. గెయిన్, అంటే ప్రతిధ్వనులను పెద్దవి చేసే మోతాదు, పెంచితే సగటుతో పాటు విచలనమూ పెరుగుతుంది, నిష్పత్తి మారదు. యంత్రం ఎంత ఖరీదైనదైనా, ప్రోబ్ ఎంత మంచిదైనా ఒకే చోటు నుంచి ఒకసారి చూసిన సమజాతి కణజాలంలో 1.91 దాటదు.

ఆ అంకె ఒక హద్దు గీసింది, ఒక దారీ చూపింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని బొమ్మలు నాలుగు సగటు తీస్తే నిష్పత్తి రెట్టింపై 3.8 అవుతుంది, తొమ్మిది తీస్తే 5.7. సంబంధం లేని బొమ్మ కావాలంటే మరో చోటు నుంచి చూడాలి, లేదా మరో ఫ్రీక్వెన్సీతో చూడాలి. రెండింటికీ వెల ఉంది. ప్రోబ్‌ను భాగాలుగా విడదీసి ఒక్కో భాగంతో చూస్తే అడ్డంగా స్పష్టత తగ్గుతుంది, ఫ్రీక్వెన్సీ పట్టీని ముక్కలు చేస్తే లోతులో స్పష్టత తగ్గుతుంది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో ట్రేహీ, స్మిత్, ఫాన్ రామ్ 1986లో ఈ లాభనష్టాలు కొలిచి, ఫ్రీక్వెన్సీలు విడదీసి కలిపే పద్ధతిలో నష్టమే ఎక్కువని తేల్చారు. ఒక పద్ధతి పనికిరాదని అంకెలతో చెప్పగలిగారంటే మూలం తెలియడం వల్లనే. అంతకు మూడేళ్ల ముందు, 1983లో, వాగ్నర్, స్మిత్ బృందం కణుతి కనిపిస్తుందా లేదా అన్నది దాని లోపల విడివిడి స్పెకిల్ పలుకులు ఎన్ని పడతాయన్న దానిమీద ఆధారపడుతుందని చూపింది. కణుతి చిన్నదైతే, చుట్టూ ఉన్న కణజాలానికీ దానికీ ఛాయలో తేడా తక్కువైతే, ఆ రెండు కారణాలూ కలిసి వైద్యుణ్ని ఓడిస్తాయి.

ఫిల్టర్ల కథ వేరే ఊళ్లో మొదలైంది. 1978లో అమెరికా సీశాట్ ఉపగ్రహాన్ని పంపింది. అది కొన్ని నెలలే పనిచేసినా దాని రాడార్ బొమ్మలు శాస్త్రవేత్తల చేతికొచ్చాయి, వాటిలోనూ ఇదే గరుకు. నౌకాదళ పరిశోధనశాలలో జాంగ్-సెన్ లీ 1980లో ఒక ఫిల్టర్ ప్రతిపాదించారు: చుక్క చుట్టూ ఉన్న చిన్న చదరంలో హెచ్చుతగ్గులు తక్కువగా ఉంటే సగటు తీయి, ఎక్కువగా ఉంటే అంచు ఉందనుకుని వదిలెయ్యి. 1982లో ఫ్రాస్ట్, 1985లో కువాన్ దాన్ని మెరుగుపరిచారు. పొలాలను, సముద్రాన్ని చూపే బొమ్మల కోసం పుట్టిన ఈ ఊహ వైద్యంలోకి వచ్చింది. బ్రిటన్‌లో బాంబర్, డాఫ్ట్ 1986లో స్పెకిల్ గణాంకాల ఆధారంగా అల్ట్రాసౌండ్‌కే తగిన ఫిల్టర్ కట్టారు. ఎడిన్‌బరోలో లూపాస్ బృందం 1989లో తూకం వేసిన మీడియన్ తెచ్చింది. ఆ తర్వాత వేవ్‌లెట్ల మీద అచిమ్ బృందం 2001లో, డిఫ్యూజన్ మీద యూ, యాక్టన్ 2002లో, దూరాన ఉన్న పోలికగల ముక్కలను వెతికి సగటు తీసే పద్ధతి మీద కూపే బృందం 2009లో రాసిన పత్రాలు ఈనాటికీ పోలికకు ప్రమాణాలు.

వీటిలో మంచి పని ఉంది, కాదనను. వీటి వెంట వచ్చిన వందలాది అనుకరణల్లో మాత్రం ఒక అలవాటు పాతుకుపోయింది. శుభ్రమైన ఫొటో ఒకటి తీసుకుని, దానికి కంప్యూటర్‌తో నాయిస్ కలిపి, ఫిల్టర్ చేసి, మొదటి ఫొటోకు ఎంత దగ్గరైందో అంకె వేస్తారు. కలిపే నాయిస్ మామూలుగా పక్క చుక్కతో సంబంధం లేనిది. అసలు స్పెకిల్‌లో ఒక్కో పలుకు చాలా చుక్కల మేర పరుచుకుని ఉంటుంది, దాని సైజు ప్రోబ్‌ను బట్టీ లోతును బట్టీ మారుతుంది. పైగా తెర మీద బొమ్మ లాగరిథమ్‌లో కుదించినది. కుదించాక గరుకు వెలుగుతో పాటు పెరగదు, ప్రతిచోటా 5.57 డెసిబెల్స్ విచలనంతో ఒకేలా ఉంటుంది. దాన్ని గుణకారపు నాయిస్ అనుకుని మళ్లీ లాగరిథమ్ తీసే పద్ధతి మొదటి మెట్టులోనే తప్పటడుగు వేసినట్టు. వైద్యానికి సంబంధించిన ముప్పు ఇంకోటి. థైరాయిడ్ కణుతిలో సూక్ష్మమైన సున్నపు చుక్కలు కేన్సర్‌ను అనుమానించాల్సిన గుర్తులు. ఒంటరిగా ఉన్న తెల్లటి చుక్కను చెరిపెయ్యడమే మీడియన్ ఫిల్టర్ పని. పుట్టుక చూడకుండా ఆకారం చూసి తుడిచే పద్ధతికి సున్నపు చుక్కా, స్పెకిల్ పలుకూ ఒకటే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ఫిల్టర్లు పనికిరానివైతే పెద్ద కంపెనీల యంత్రాలన్నిటిలోనూ ఎందుకున్నాయి? నిజమే, ఈనాటి స్కానర్లలో స్పెకిల్ తగ్గించే మీట ఉంటుంది, సోనాలజిస్టులు దాన్ని వాడుతున్నారు. సైప్రస్‌లో లొయిజూ, పట్టికిస్ బృందం మెడలోని కెరోటిడ్ ధమని బొమ్మల మీద పది ఫిల్టర్లను పోల్చి 2005లో ప్రచురించిన పనిలో, కొన్ని ఫిల్టర్లు నిపుణుల కంటికీ కంప్యూటర్ వర్గీకరణకూ సాయపడినట్టు తేలింది. ఈ సాక్ష్యాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ధమని గోడ మందం కొలవాలన్నా, శిశువు తల చుట్టుకొలత యంత్రమే గీయాలన్నా నున్నటి బొమ్మ మేలు చేస్తుంది. కన్ను కూడా గరుకును తనంతట తాను సగటు తీయడంలో అలసిపోతుంది. ఉన్న సమాచారాన్ని ఒక పనికి అనువుగా అమర్చిపెట్టడం ఫిల్టర్ చేసే సేవ. బొమ్మలో లేని కణుతిని అది తేలేదు, చూసిన చోటు ఒకటే కాబట్టి. ఆ మీటకు చాలా మెట్లుండటం, దాన్ని పూర్తిగా ఆపేసే వీలుండటం కూడా నా వాదనకు అనుకూలమే: ఎంత తుడవాలన్నది చూస్తున్న జబ్బును బట్టి వైద్యుడే తేల్చుకోవాలని యంత్రం తయారుచేసినవాళ్లు గుర్తించారు.

1990ల చివర వచ్చిన రెండు మార్పులు ఇంతకంటే పెద్దవి, రెండూ మూలాన్ని అడిగినవే. మొదటిది హౌరీ ఊహకు పునర్జన్మ. అమెరికాలోని ఏటీఎల్ కంపెనీ ప్రోబ్‌ను కదపకుండానే ధ్వని కిరణాన్ని ఎలక్ట్రానిక్‌గా పలు కోణాలకు వంచి, వచ్చిన ఫ్రేములను క్షణాల్లో కలిపే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చింది. రెండోది హార్మోనిక్ ఇమేజింగ్. ఒళ్లున్నవాళ్ల కడుపు స్కానింగ్‌లో తిత్తి లోపల కూడా మబ్బులా కనిపించేది స్పెకిల్ కాదు, చర్మం కింది కొవ్వు పొరల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుని ఆలస్యంగా తిరిగి రావడం వల్ల వచ్చే కల్మషం. బుడగల కాంట్రాస్ట్ మందుల మీద పనిచేస్తున్నవారు బుడగలు లేకపోయినా కణజాలంలో ప్రయాణించే ధ్వని దారిలో రెట్టింపు ఫ్రీక్వెన్సీని పుట్టిస్తోందని గమనించారు. అది లోతుకు పోయేకొద్దీ పెరుగుతుంది, పై కొవ్వు పొరలో చాలా తక్కువ. దాన్ని మాత్రమే వింటే మబ్బు తొలగుతుంది. ఈ కల్మషాన్ని చతురస్రాల్లో సగటు తీసి తొలగించాలని చూసినవారికి ఈ దారి తట్టే అవకాశమే లేదు.

కాంపౌండింగ్‌కూ చెడు ఉంది. పిత్తాశయంలో రాయి ఉందని నమ్మడానికి వైద్యుడు చూసేది రాయి వెనక పడే నల్లటి నీడను. చాలా కోణాల నుంచి చూస్తే ఆ నీడ చెదిరి పలచబడుతుంది. తిత్తి వెనక కనిపించే అదనపు వెలుగూ అంతే. కదిలే గుండెలో ఫ్రేములు కలిపితే కవాటాలు అలుక్కుపోతాయి. అందుకే నీడ కావాలనుకున్నప్పుడు కాంపౌండింగ్ ఆపి చూసే వైద్యులున్నారు. మూలం తెలిస్తే సమస్య మాయమవుతుందని నేను అనడం లేదు. ఏది పోగొట్టుకుంటున్నామో తెలుస్తుంది, తెలిసే పోగొట్టుకుంటాం.

స్పెకిల్‌ను అసలు నాయిస్ అనడమే తప్పనే వాదనా ఉంది. ప్రోబ్ కదలకపోతే స్పెకిల్ కదలదని పైన చూశాం. అలాంటప్పుడు కణజాలం కదిలితే స్పెకిల్ దానితో పాటు కదులుతుంది. 1987లో ట్రేహీ బృందం దీన్ని ఆసరాగా రక్తం ఎటు ప్రవహిస్తోందో కోణంతో నిమిత్తం లేకుండా కొలవచ్చని చూపింది. 2004 నుంచి గుండె కండరంలో పలుకుల గుంపులను ఫ్రేము నుంచి ఫ్రేముకు వెంబడించి, కండరం ఎంత కుదించుకుంటోందో కొలిచే పద్ధతి ఆస్పత్రులకు చేరింది. కొన్ని కేన్సర్ మందులు గుండెను దెబ్బతీయడం మొదలుపెడితే పంపింగ్ శాతం పడిపోకముందే ఈ కొలత పసిగట్టగలదు. ఆ బొమ్మను ముందే నున్నగా తుడిచేస్తే వెంబడించడానికి ఏమీ మిగలదు. ఈ వాదన బలమైనదే, కాని కాలేయంలో చిన్న కణుతి వెతుకుతున్న వైద్యుడికి అదే స్పెకిల్ అడ్డుగోడ అన్న సంగతిని అది కొట్టెయ్యలేదు. ఒకే ప్రతిధ్వని ఒక ప్రశ్నకు జవాబు, ఇంకో ప్రశ్నకు ఆటంకం.

న్యూరల్ నెట్‌వర్క్‌లు వచ్చాక పాత చిక్కు కొత్తగా ముందుకొచ్చింది. వాటికి నేర్పడానికి సాధారణంగా గరుకు లేని అసలు బొమ్మ కావాలి. బతికున్న మనిషి కాలేయానికి అలాంటి బొమ్మ లేదు. పాత ఫిల్టర్ ఇచ్చినదాన్నే ఆదర్శంగా చూపితే నెట్‌వర్క్ ఆ ఫిల్టర్ పొరపాట్లనూ నేర్చుకుంటుంది, కంప్యూటర్‌లో కల్పించిన బొమ్మలు చూపితే కల్పనలో లేని జబ్బును గుర్తించదు. బయటి పరిశోధకులు ఇన్నేళ్లుగా తుడవడం మీదే పడటానికి ఒక కారణాన్ని న్యాయంగా చెప్పుకోవాలి: వాళ్ల చేతికి అందేది తెర మీది బొమ్మే. ప్రోబ్‌లోని ఒక్కో మూలకం విన్న ప్రతిధ్వనులు యంత్రం లోపలే కలిసిపోయి, కుదించుకుపోయి బయటికొస్తాయి. మూలం అడగడానికి కావలసిన సాక్ష్యం అక్కడే ఆగిపోతుంది. డ్యూక్‌లో 2011లో వచ్చిన కొత్త పద్ధతి, పక్కపక్క మూలకాలు విన్నవి ఎంతవరకు ఒకదానితో ఒకటి పోలి ఉన్నాయో కొలిచి, దాన్నే బొమ్మగా చూపి కొవ్వు పొరల కల్మషాన్ని తగ్గించింది. తెర మీది బొమ్మ నుంచి ఆ కొలత తీయడం అసాధ్యం. 2016లో ఐఈఈఈ అల్ట్రాసోనిక్స్ సదస్సు సందర్భంగా నడిపిన పిక్మస్ పోటీ కోసం 128 మూలకాల ప్రోబ్‌తో 75 కోణాల్లో తీసిన ముడి సిగ్నళ్లను అందరికీ అందుబాటులో పెట్టారు. ఫాంటమ్‌వీ, మనిషి కెరోటిడ్ ధమనివీ అందులో ఉన్నాయి. ఇంటర్నెట్ ఉన్న ఏ కాలేజీ ల్యాబులోనైనా వాటిని తెరవచ్చు. స్పెకిల్ మీద ప్రాజెక్టు అడిగిన విద్యార్థికి గైడు ముందుగా ఇవ్వవలసినవి ఈ ఫైళ్లే. ఒక కోణం బొమ్మకూ ఇంకో కోణం బొమ్మకూ మధ్య ఏ పలుకు నిలిచింది, ఏది మారింది అని ఆ కుర్రవాడు తన చేత్తో కొలిచాక, ఏ ఫిల్టర్ రాయాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు.